గుండెకు పగ్గాలు వేసే నరాలు
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో చదువు గురించి మాట్లాడమని మాకు అప్పగిస్తారు. ఈసారి ఆరోగ్యం గురించి మాట్లాడతామంటే కార్యదర్శిగారు ఆశ్చర్యపోయారు. "మాస్టారూ, మీరు డాక్టరా?" అని అడిగారు. కాదు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. అయితే పాఠం రాని కుర్రవాడికి దెబ్బ తగిలిన తరువాత పాఠం గుర్తుండిపోతుంది చూడండి, అలా మాకు గుర్తుండిపోయిన పాఠం ఇది. ఉర్దూ చదవని పిల్లలు కూడా మనలో చాలామంది ఉన్నారు గనుక తెలుగులోనే చెబుతాము. తప్పులుంటే మన్నించండి.

ముందు మా ఇంటి సంగతి చెబుతాము.

మా అబ్బాగారికి పద్దెనిమిదేళ్ళుగా షుగరు వ్యాధి ఉండేది. మాత్రలు వేసుకునేవారు, మిఠాయి మానేశారు, అంతటితో సరిపోయిందని మేమంతా అనుకున్నాము. ఒక రంజాన్‌లో, ఇఫ్తార్ చేసి తరావీహ్‌కు వెళ్ళి, సజ్దా నుంచి లేచి నిలబడుతూ నిలబడుతూ ముందుకు పడిపోయారు. పెదవి చిట్లింది. రెండు నిమిషాలలో తేరుకొని "ఏం లేదు బేటా, కళ్ళు తిరిగాయి" అన్నారు. ఆ నెలలో అలా నాలుగుసార్లు జరిగింది. నాలుగుసార్లూ కూర్చున్నచోటి నుంచో, పడుకున్నచోటి నుంచో లేచినప్పుడే. మా ఇంట్లో నజర్ తీశారు. ఎండుమిర్చి కాల్చారు. తావీజు కట్టించారు. మేము చదువుకున్నవాళ్ళమే కదా, మేమేం చేశాము? "ముసలితనం" అని సరిపెట్టుకున్నాము.

ఇరవై రెండో రోజా సహరీ వేళ ఆయనకు ఒళ్ళంతా చెమటలు పట్టి ఆయాసం వచ్చింది. "గుండెల్లో నొప్పి ఉందా అబ్బా?" అని అడిగాము. లేదన్నారు. నొప్పి లేదు గనుక గుండె కాదు, గ్యాస్ అనుకున్నాము. సోడా తాగించాము. తెల్లవారిన తరువాత, అంటే నాలుగు గంటలు గడిచాక ఆస్పత్రికి తీసుకెళ్ళాము. గుండెపోటు వచ్చిందని చెప్పారు. మూడోనాడు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయారు.

అక్కడి డాక్టరుగారు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. "ఈయన పడిపోయిన ఆ నాలుగుసార్లలో ఒక్కసారైనా పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బి.పి. చూపించారా?" లేదన్నాము. "షుగరు ఈయన గుండె నరాలను తినేసింది. అందుకే లేస్తే పడిపోయారు, అందుకే గుండెపోటు వచ్చినా నొప్పి తెలియలేదు. రెండూ ఒకటే జబ్బు" అన్నారు.

ఆ మాట మాకు నిద్ర లేకుండా చేసింది. గుండెకు నరాలేమిటి? అవి చెడటమేమిటి? తరువాత పుస్తకాలు తిరగేసి, తెలిసిన డాక్టర్లను విసిగించి నేర్చుకున్నది ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

మన పెద్దలలో జట్కా బండ్లు తోలినవారు చాలామంది ఉన్నారు. బండివాని చేతిలో రెండుంటాయి. ఒకటి పగ్గం, రెండోది చెర్నాకోల. గుర్రానికి పరుగెత్తడం ఎవరూ నేర్పనక్కర లేదు. అలాగే గుండెకు కొట్టుకోవడం ఎవరూ నేర్పనక్కర లేదు. దాని పైభాగంలోనే చిన్న కణాల ముద్ద ఒకటి ఉండి, తనంతట తానే విద్యుత్తు పుట్టించి కొట్టిస్తుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొడుతుంది. కాని నెమ్మదిగా కూర్చున్న మనిషి నాడి పట్టి చూస్తే 70 దగ్గర ఉంటుంది. మిగతా 30 ఎవరు తగ్గించారు? పగ్గం తగ్గించింది. మెదడు అడుగుభాగం నుంచి బయలుదేరి మెడలోగుండా దిగి గుండెకు, కడుపుకు పోయే పదవ కపాల నరం, వేగస్ అనే నరం, ఆ పగ్గం. వేగస్ అంటే లాటిన్ భాషలో తిరుగుబోతు అని అర్థం. శరీరమంతా అంత దూరం తిరుగుతుంది గనుక ఆ పేరు వచ్చింది.

ఇక చెర్నాకోల వెన్నుపాము పక్కనుంచి వచ్చే నరాల గొలుసు. దీన్ని సింపతటిక్ నరాలంటారు. మన పాఠ్యపుస్తకాలలో సహానుభూత నాడీ వ్యవస్థ అని రాస్తారు. కుక్క తరిమినా, కోపమొచ్చినా, మెట్లెక్కినా ఈ చెర్నాకోల ఝళిపిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, చెమట పడుతుంది. ఈ రెంటినీ కలిపి స్వయంచోదిత నాడీ వ్యవస్థ అన్నారు. అనగా మన అనుమతి అడగకుండా దానంతటదే నడిచేది. ఇంగ్లీషులో దానికి ఆటోనామిక్ అన్న పేరు పెట్టినవాడు కేంబ్రిడ్జిలో పనిచేసిన లాంగ్లీ, 1898లో.

మార్పిడి చేసిన గుండె దీనికి మంచి రుజువు. మన దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పి. వేణుగోపాల్ చేశారు. మార్పిడి చేసేటప్పుడు నరాలన్నీ తెగిపోతాయి. అయినా కొత్త గుండె కొట్టుకుంటుంది. కాని పగ్గం లేదు గనుక విశ్రాంతిలో కూడా నిమిషానికి 90, 100 చొప్పున కొడుతుంది. మెట్లెక్కితే వెంటనే వేగం అందుకోలేదు, దిగితే వెంటనే తగ్గలేదు.

ఈ సంగతి మన హకీములకు కొంత తెలుసు. బూ అలీ సీనా గురించి నిజామీ అరూజీ అనే ఆయన 12వ శతాబ్దంలో 'చహార్ మఖాలా'లో ఒక కథ రాశాడు. గుర్గాన్ పాలకుని బంధువు ఒక యువకుడు మంచం పట్టాడు. ఏ మందూ పనిచేయలేదు. ఇబ్నె సీనా అతని నాడి మీద వేళ్ళుంచి, ఆ పట్టణం బాగా తెలిసిన మనిషిని పిలిచి పేటల పేర్లు చెప్పమన్నాడు. ఒక పేట పేరుకు నాడి గంతులేసింది. ఆ పేటలోని వీధుల పేర్లు చెప్పించాడు, తరువాత ఇళ్ళ పేర్లు, చివరకు ఇంట్లోవారి పేర్లు. ఒక అమ్మాయి పేరుకు నాడి మళ్ళీ ఎగిరింది. జబ్బు ఏమిటో తెలిసిపోయింది. ఆ నాడిని ఎగిరించినవి మనం ఇప్పుడు చెప్పుకున్న నరాలే. నోరు దాచినా నాడి దాచలేకపోయింది.

ఆ నరం గుండెతో ఏ భాషలో మాట్లాడుతుందో 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఓటో లోవీ అనే ఆయన కనిపెట్టాడు. రెండు కప్ప గుండెలను ఉప్పునీటిలో ఉంచి, ఒకదాని వేగస్ నరాన్ని విద్యుత్తుతో రేపాడు. అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీటిని తీసి రెండో గుండెకు పోశాడు. నరం ముట్టకుండానే అది కూడా నెమ్మదించింది. అంటే నరం చివర ఒక రసం ఊరుతున్నదన్నమాట. దానికి ఎసిటైల్ కోలిన్ అని పేరు. ఈ పనికి లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి 1936లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. మనిషి పడుకున్నచోటి నుంచి లేచి నిలబడితే ఏమవుతుంది? నీళ్ళు పల్లానికి పోతాయి, రక్తమూ అంతే. అరలీటరు నుంచి ముప్పావులీటరు దాకా రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి దిగిపోతుంది. గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి, పైన మెదడుకు అందేది తగ్గబోతుంది. మెడలోని పెద్ద ధమని దగ్గర, గుండె నుంచి బయలుదేరే మహాధమని వంపులో కాపలాదారులవంటి నరపు కొసలు ఉన్నాయి. అవి ఒత్తిడి తగ్గుతున్నదని మెదడుకు కబురు పెడతాయి. మెదడు వెంటనే పగ్గం సడలించి, చెర్నాకోల ఝళిపిస్తుంది. కాళ్ళలో, పొట్టలో నాళాలు బిగుస్తాయి, గుండె పది ఇరవై కొట్లు ఎక్కువ కొడుతుంది. ఇదంతా మనం చెప్పులు తొడుక్కునేలోపల జరిగిపోతుంది. రోజుకు ఎన్నిసార్లు లేస్తామో, అన్నిసార్లూ అల్లాహ్ ఈ ఏర్పాటుతో మనల్ని నిలబెడుతున్నాడు. అది చెడిన రోజున గాని దాని విలువ తెలియదు.

ఇది చెడే తీరులు కొన్ని చెబుతాము.

మొదటిది మామూలు సొమ్మసిల్లడం. మా బడిలో ఎండాకాలం ప్రార్థనకు పిల్లలను వరుసగా నిలబెడతాము. ఖాళీ కడుపుతో వచ్చిన కుర్రవాడు ఒకడు తెల్లబడిపోయి, చెమటపట్టి కూలిపోయాడు. ఎక్కువసేపు కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోనే ఉండిపోతుంది. ఒక్కొక్కరిలో అప్పుడు మెదడు పొరపడి, చెర్నాకోల కింద పడేసి పగ్గం గట్టిగా బిగబడుతుంది. గుండె నెమ్మదిస్తుంది, నాళాలు వదులవుతాయి, మనిషి పడతాడు. సూది చూసి పడేవారు, రక్తం చూసి పడేవారు, రాత్రిపూట లేచి మూత్రానికి నిలబడి పడే పెద్దలు, అందరిదీ ఇంచుమించు ఇదే దారి. దీనివల్ల సాధారణంగా ప్రాణభయం లేదు. మరి ఆ రోజు మేమేం చేశామంటే, ఇద్దరు పెద్ద పిల్లల చేత అతన్ని రెక్కలు పట్టుకుని నిలబెట్టించాము. అంతకంటే తప్పు లేదు. పడిపోవడమే శరీరం చేసే వైద్యం. పడుకుంటే రక్తం మెదడుకు అందుతుంది. మేము ఆ వైద్యాన్ని అడ్డుకున్నాము. అతన్ని కిందికి దించగానే కళ్ళు తెరిచాడు.

రెండవది మన ఆడపిల్లల సంగతి. తల్లులు దయచేసి వినండి. నిలబడితే రక్తపు ఒత్తిడి పెద్దగా పడదు గాని, గుండె విపరీతంగా కొట్టుకుంటుంది. నిలబడిన పది నిమిషాలలో నిమిషానికి 30 కొట్లో అంతకు మించో పెరుగుతుంది. పన్నెండు నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లలకైతే 40 పెరగాలి. కళ్ళు తిరగడం, నీరసం, వణుకు, పని చేయబుద్ధి కాకపోవడం ఉంటాయి. పడుకుంటే తగ్గుతుంది. దీన్ని పాట్స్ అంటారు. 1993 నుంచి ఈ పేరు వాడుకలోకి వచ్చింది. పదిహేను యాభై ఏళ్ళ మధ్య స్త్రీలలో ఎక్కువ. 2020లో కరోనా వచ్చిన తరువాత ఇది ఎక్కువమందిలో కనిపించింది. మన ఇళ్ళలో ఈ పిల్లను ఏమంటారు? అత్తగారు నఖ్రా అంటుంది. ఇంకొకరు అసర్ అంటారు. దువా చేయించండి, మేము వద్దనము. కాని ముందు ఆ పిల్ల నాడిని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి లెక్కపెట్టండి. గడియారం ఉంటే చాలు. ఆ రెండు అంకెలూ రాసుకుని డాక్టరుకు చూపించండి. రక్తహీనత వల్ల, థైరాయిడ్ వల్ల కూడా గుండెదడ వస్తుంది గనుక ఆ పరీక్షలు కూడా అవసరం.

మూడవది చెర్నాకోల మితిమీరడం. మన మెట్ట ప్రాంతాలలో ఎర్ర తేలు కుడితే ఏమవుతుందో చూసినవారున్నారు. దాని విషం ఈ నరాలన్నిటినీ ఒక్కసారిగా రేపుతుంది. చెమటలు, వాంతులు, చేతులు కాళ్ళు మంచులా చల్లబడటం, తరువాత గుండె అలిసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊరిలో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980 దశాబ్దంలో ప్రాజోసిన్ అనే చవక మాత్రతో ఈ తుఫానును అణచవచ్చని చూపి ఎన్నో ప్రాణాలు కాపాడారు. తేలు మంత్రం కోసం వెతుకుతూ కాలం పోగొట్టుకోకుండా బిడ్డను ఆస్పత్రికి చేర్చితే ఈ మాత్ర పనిచేస్తుంది. మరొకటి, పెద్ద దుఃఖం. మరణవార్త విన్న స్త్రీకి, ముఖ్యంగా యాభై దాటినవారికి, గుండెపోటు వచ్చినట్లే వచ్చి, పరీక్షిస్తే నాళాలలో అడ్డు ఏదీ కనపడకపోవచ్చు. జపానువారు 1990లో దీన్ని మొదట వర్ణించి టకోట్సుబో అన్నారు. ఆక్టోపస్‌ను పట్టే కుండ అని అర్థం. గుండె ఆ ఆకారంలో ఉబ్బుతుంది గనుక. "గుండె పగిలింది" అని మనవారు ఊరికే అనలేదు. చాలామంది కోలుకుంటారు, కాని ఆస్పత్రికి పోవలసిందే.

నాలుగవది మా ఇంటిని కూల్చినది. షుగరు.

2023లో ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్లమంది. ఈ సభలో చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో మీకే తెలుసు. ఏళ్ళ తరబడి షుగరు అదుపు తప్పితే సన్నని నరాలు దెబ్బతింటాయి. అరికాళ్ళు తిమ్మిరెక్కడం అందరికీ తెలుసు. లోపల గుండెకు పోయే నరాలు కూడా అలాగే తిమ్మిరెక్కుతాయని తెలియదు. పొడుగాటి నరం ముందు చెడుతుంది. వేగస్ పొడుగాటిది. అందుకని ముందు పగ్గం తెగుతుంది. కూర్చున్నా నాడి 90, 100 దాటి కొడుతుంది. దీర్ఘంగా ఊపిరి పీల్చి వదిలితే ఆరోగ్యవంతుని నాడి పెరిగి తగ్గుతుంది. ఈ రోగికి గడియారంలా ఒకే తీరున కొడుతుంది. తరువాత చెర్నాకోల నరాలు చెడతాయి. అప్పుడు నిలబడితే నాళాలు బిగుసుకోవు. రక్తపు ఒత్తిడి పడిపోతుంది, దానికి తగ్గట్టు గుండె వేగమూ పెరగదు. చివరగా, గుండె నొప్పి కబురు మోసే నరాలు కూడా మూగబోతాయి. గుండెలో రక్తనాళం మూసుకుపోతున్నా రోగికి నొప్పి లేకపోవచ్చు. చెమట, ఆయాసం, వాంతి, చెప్పలేని నీరసం, ఇంతే. మా అబ్బాగారికి జరిగింది అదే. మేము నొప్పి కోసం ఎదురుచూశాము. నొప్పి చెప్పే నోరు ఎప్పుడో మూగబోయింది.

ఇంకొక ప్రమాదం. షుగరు మరీ పడిపోయినప్పుడు వణుకు, గుండెదడ వచ్చి హెచ్చరించేది కూడా ఈ నరాలే. అవి చెడితే హెచ్చరిక లేకుండానే మనిషి స్పృహ తప్పవచ్చు. రోజా ఉండే షుగరు రోగికి ఇది ఎంత ముఖ్యమో ఆలోచించండి.

షుగరు ఒక్కటే కారణం కాదు. పార్కిన్సన్ వణుకు జబ్బులో కూడా ఈ నరాలు చెడతాయి. బి.పి. మాత్రలు, నీరు పోయే మాత్రలు, పెద్దవారికి ప్రోస్టేటుకు ఇచ్చే కొన్ని మాత్రలు కూడా నిలబడితే కళ్ళు తిరిగేటట్లు చేస్తాయి. పైన చెప్పిన ప్రాజోసిన్ కూడా ఆ జాతిదే. తేలు కాటుకు ప్రాణం పోసే మందే ముసలాయనను మంచం దిగగానే పడేయగలదు. అలాగని మాత్రలు మీ అంతట మీరు మానకండి. డాక్టరుకు "లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి" అని ఆ మాటలతోనే చెప్పండి.

పరీక్ష ఎలాగంటారా? ఐదు నిమిషాలు పడుకోబెట్టి బి.పి. చూడాలి. తరువాత నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, లేక అంతకు మించి గాని పడితే జబ్బు ఉన్నట్లు. పక్కన ఒక మనిషి పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. ఇంతే పరీక్ష. పది నిమిషాల పని. మా అబ్బాగారికి జరగనిది ఈ పది నిమిషాల పనే.

ఇక రంజాన్, నమాజు సంగతి. పగలంతా నీరు లేక రక్తం పరిమాణం కొంత తగ్గి ఉంటుంది. ఎండకు చర్మపు నాళాలు వదులై ఉంటాయి. ఇఫ్తార్‌లో ఒక్కసారిగా కడుపునిండా తింటే రక్తం జీర్ణకోశానికి మళ్ళుతుంది. భోజనం తరువాత రెండు గంటలలోపల ఒత్తిడి పడేవారు పెద్దలలో ఉన్నారు. సరిగ్గా ఆ సమయానికే తరావీహ్‌కు నిలబడతాము. సజ్దా నుంచి ఖియాంకు లేవడమంటే తలను నేల నుంచి నిలువెత్తుకు తీసుకుపోవడం. ఆరోగ్యవంతునికి ఇది చక్కని వ్యాయామం. నరాలు చెడినవారికి ప్రతి రకాతూ పరీక్షే. అందుచేత ఈ పెద్దలు ఇఫ్తార్‌లో కొంచెం తిని, మిగతాది నమాజు తరువాత తినాలి. నీరు కొద్దికొద్దిగా రాత్రంతా తాగాలి. సజ్దా నుంచి లేచేటప్పుడు ఒక క్షణం కూర్చుని, అప్పుడు లేవాలి. కళ్ళు మసకబారితే పట్టుదలకు పోకుండా కూర్చోవాలి. నిలబడి చేయలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చని మన దీన్ సులువు చేసింది. వ్యాధిగ్రస్తునికి రోజాలో సడలింపు ఖురాన్ షరీఫ్‌లోనే, సూరయే బఖరాలో ఉన్నది. మసలా చెప్పవలసినది మౌలానాలు, జబ్బు చెప్పవలసినది డాక్టర్లు. మీరు ఇద్దరినీ అడగండి. రోజాలో షుగరు 70కి దిగువకు పడినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్యుల సలహా. వేలు గుచ్చి రక్తం చూసుకుంటే రోజా విరగదని చాలామంది ఉలమాలు చెప్పియున్నారు.

ఇంట్లో చేసుకోదగినవి మరికొన్ని. మంచం దిగేముందు కాళ్ళు వేలాడేసి ఒక నిమిషం కూర్చోవాలి, పాదాలు ఆడించాలి. నిలబడి ఉన్నప్పుడు కళ్ళు తిరగబోతే కాలి మీద కాలు మెలేసి తొడలు బిగించాలి, పిడికిళ్ళు గట్టిగా పట్టాలి. కాళ్ళలోని రక్తం పైకి ఎక్కుతుంది. మరుగుదొడ్డిలో గొంతుకూర్చున్న పెద్దలు గోడ పట్టుకుని నెమ్మదిగా లేవాలి. ఉప్పు, నీరు ఎక్కువ తీసుకోమని కొందరికి డాక్టర్లు చెబుతారు. అది బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి పనికిరాదు గనుక ఒకరి మాట విని మరొకరు చేయకూడదు.

ఎవరైనా పడిపోతే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి, కాళ్ళు ఎత్తి పట్టండి, గుంపును తప్పించి గాలి రానివ్వండి. నోట్లో నీళ్ళు పోయకండి. చేతిలో తాళంచెవి పెట్టడం, చెప్పు వాసన చూపించడం మానండి. నిమిషం, రెండు నిమిషాలలో తేరుకోకపోయినా, పరుగెత్తుతూ గాని పడుకుని ఉండి గాని స్పృహ తప్పినా, పడేముందు గుండెదడ, నొప్పి, ఆయాసం ఉన్నా, కుటుంబంలో చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయినవారున్నా అది మామూలు సొమ్మ కాదు. 108కి ఫోన్ చేయండి. షుగరు రోగికి కారణం లేకుండా చెమట, ఆయాసం వస్తే నొప్పి ఉందా అని అడుగుతూ కూర్చోకండి. వెంటనే ఇ.సి.జి. తీయించండి. గుండెపోటులో గంటలకు విలువ ఉన్నది. మేము నాలుగు గంటలు సోడా మీద పోగొట్టుకున్నాము.

చివరగా సంఘానికి మా మనవులు మూడు. ఒకటి, సంఘం నిధి నుంచి చేతికి కట్టే బి.పి. యంత్రం ఒకటి, షుగరు చూసే యంత్రం ఒకటి కొని మన కార్యాలయంలో ఉంచాలి. రంజాన్‌కు ముందు ఒక ఆదివారం షుగరు ఉన్న సభ్యులందరికీ, పరదాలోని తల్లులకు వేరుగా, పడుకోబెట్టి నిలబెట్టి బి.పి. చూపించాలి. డాక్టరుగారిని ఒప్పించే బాధ్యత మాది. రెండు, మసీదులో వెనుక వరుసలో కొన్ని కుర్చీలు వేయించాలి. కుర్చీ ఉంటే కూర్చోవడానికి సిగ్గు ఉండదు. మూడు, ఈ జాగ్రత్తలను ఉర్దూలో, తెలుగులో పెద్ద అట్ట మీద రాసి వజూఖానా దగ్గర గోడకు పెట్టాలి. రాసేపని మా పదో తరగతి పిల్లలు చేస్తారు. దస్తూరీకి మేము పూచీ.

మా అబ్బాగారి పెదవి మీద ఆ దెబ్బ మచ్చ చివరిదాకా మానలేదు. కఫన్ కట్టేటప్పుడు కూడా మాకు అదే కనిపించింది. ఆ మచ్చ మాకు నాలుగుసార్లు చెప్పింది, మేము వినలేదు. మీ ఇంట్లో ఎవరైనా లేచి నిలబడుతూ గోడ పట్టుకుంటున్నారేమో ఈ రాత్రి గమనించండి. అలా పట్టుకుంటుంటే రేపే బి.పి. చూపించండి.

అల్లాహ్ మనందరి పెద్దలకు ఆయుష్షు, ఆరోగ్యం ప్రసాదించుగాక. పోయినవారికి మగ్ఫిరత్ ప్రసాదించుగాక.